తాత్కాలికంగా ఇచ్చిన పేరు

పదింటికి మొదటి కనెక్షన్ తెగింది. పదిన్నరకు ఎనిమిది తెగాయి. పదకొండయ్యేసరికి ఆసుపత్రి వెబ్‌సైట్‌లో రిపోర్టులు తెరుచుకోవడం దాదాపు ఆగిపోయింది.

కింద కౌంటర్లోని అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, ఇక్కడ జనం నన్ను పీక్కు తింటున్నారు. పొద్దున రక్తం ఇచ్చినవాళ్లందరికీ రిపోర్టు ఇప్పుడే కావాలట. కాసేపుంటే నా రక్తం కూడా తీసేట్టున్నారు."

"కాస్త ఓపిక పట్టమ్మా. దాని పనే చూస్తున్నా."

సర్వర్ గదిలో చలికి శాలువా కప్పుకుని కూర్చుంది ఆమె. ఏడేళ్ల కిందట ఈ సర్వర్‌ను అట్టపెట్టెలోంచి తీసి నిలబెట్టింది తనే. దాని దగ్గు, దాని మూలుగు అన్నీ తెలుసు. ఇవాళ మాత్రం అంతు చిక్కడం లేదు. వెబ్ సర్వర్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఇరవై కనెక్షన్లు ఉండాలి. లోపల ఉన్నవి ఉన్నాయి. గడువు తీరి బయటికొచ్చినవి మళ్లీ లోపలికి పోవడం లేదు.

నిన్న సాయంత్రం డ్రైవర్ మార్చిందీ ఆమే. డ్రైవరంటే పెద్ద యంత్రమేం కాదు. వెబ్ సర్వర్ అడిగింది డేటాబేస్‌కు చేరవేసి, అది ఇచ్చింది మోసుకొచ్చే చిన్న ఫైలు. ఒట్టి మధ్యవర్తి. మధ్యవర్తి మారిన మర్నాడే కాపురం చెడితే అందరి వేలూ ఎటు చూపిస్తుంది?

పైగా ఇవాళే ఐదింటికి డైరెక్టరు గదిలో మీటింగ్. డిపార్ట్‌మెంట్ హెడ్ కుర్చీ రెండు నెలలుగా ఖాళీ. "అది నీదే అక్కా, చెప్పాల్సిన చోట చెప్పాను" అని మేనేజరు వారం రోజులుగా చెవిన వేస్తున్నాడు. సర్వర్ చతికిలపడి ఉండగా ఆ గదిలోకి ఏ మొహం పెట్టుకుని పోవడం?

మేనేజరు ఆమెకు వరసకు తమ్ముడేం కాదు. ఆమె పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకున్నాడు. తర్వాత ఆమెను దాటి పైకెక్కాడు. ఎక్కాక కూడా అక్కా అనడం మానలేదు. నిచ్చెన దాటాక వెనక్కి చూసేవాళ్లు ఎందరుంటారు, అదొక్కటి చాల్లే అనుకుంది ఆమె.

పదకొండున్నరకు కాఫీ మెషీన్ దగ్గరికి వెళ్లి తన ఐడీ కార్డు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే.

"దీనికీ పట్టిందా మాయరోగం?"

వెనకనుంచి మేనేజరు చెయ్యి చాపి తన కార్డు పెట్టాడు. కప్పు నిండింది. మూత కూడా తనే బిగించి ఇచ్చాడు.

"ఇవాళ్టికి నా కార్డు మీద తాగక్కా. ఏది విప్పుతున్నావో, ఏది బిగిస్తున్నావో అంతా కాయితం మీద పెట్టు. మనవాళ్లు నేర్చుకుంటారు."

"పెడుతూనే ఉన్నాలే తమ్ముడూ."

పాత డ్రైవర్ తెచ్చి పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. అడ్రసు చూసింది, పోర్టు చూసింది. అక్షరం తేడా లేదు. చివరికి సర్వర్‌ను ఆపి లేపింది. కొన ఊపిరితో ఉన్న నాలుగు కనెక్షన్లూ కాస్తా పోయాయి. డ్రైవర్‌ది మాత్రం ఒకటే పాట: కనెక్షన్ కుదరలేదు. ఎందుకు కుదరలేదని అడిగితే చెప్పదు.

మూడింటికి తట్టింది. తలుపు తెరవలేదని వెనక్కొచ్చినవాణ్ణి ఎంత నిలదీస్తే ఏం లాభం? లోపల గడియ పెట్టినవాళ్లని కదా అడగాలి.

డేటాబేస్ తన చిట్టా రాసుకునే లాగ్ తెరిచింది. ఒకే వాక్యం, వందలసార్లు: ఈ యూజర్‌కు ప్రవేశం మూసివేయబడింది. ఎదురుగా యూజర్ పేరు ఉంది. తన పేరే.

ఆమెకు నవ్వొచ్చింది. ఏడేళ్ల కిందట, సర్వర్‌కంటూ వేరే యూజర్ పెట్టే తీరిక లేక తన పేరే ఇచ్చేసింది. తాత్కాలికంగా. ఈ పనిలో తాత్కాలికమన్నదానికే ఆయుష్షు ఎక్కువ.

మేనేజరుకు ఫోన్ చేసింది.

"దొరికింది. సర్వర్ నా పేరుతోనే లోపలికి పోతోంది ఇన్నాళ్లూ. ఏడేళ్లుగా పాస్‌వర్డ్ మార్చలేదుగా, గడువు తీరి తాళం పడినట్టుంది."

"అదే అయ్యుంటుందక్కా," అన్నాడతను వెంటనే. "మళ్లీ నీ పేరు తెరవకు. సర్వర్‌కి వేరే పేరు పెట్టేసెయ్."

"నేనూ అదే అనుకుంటున్నా."

గదిలోని ఉమ్మడి అడ్మిన్ స్క్రీన్ మీద కొత్త యూజర్ పెట్టింది. వెబ్ సర్వర్‌లో ఉన్న తన పేరు తుడిచి ఆ పేరు రాసింది. నాలుగుంపావుకు, వరసగా నాటిన నారులా, ఇరవై కనెక్షన్లూ పచ్చగా లేచాయి.

"మేడమ్, వరస కదిలింది!" అంది కౌంటరు అమ్మాయి. "మీరు చల్లగా ఉండాలి."

"ఈ గదిలో అంతకన్నా ఎలా ఉంటానే!"

మేనేజరు ఒగురుస్తూ వచ్చాడు.

"ఇంకెక్కడా నీ పేరు మీద నడిచేది ఏదీ లేదు కదక్కా?"

"ఏదీ లేదు. రేపు నేను రాకపోయినా నడుస్తుంది."

"అమ్మయ్య!" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. ఆమె రాసిన కాగితాలు తీసుకుని వెళ్లాడు. నాకంటే వీడికే నా గురించి బెంగ ఎక్కువ అనుకుంది ఆమె.

ఐదింటికి ఇంకా పది నిమిషాలుంది. శాలువా మడత పెట్టింది. జుట్టు సవరించుకుంది. లేవబోయి మళ్లీ కూర్చుంది. ఏ లోపమైనా ఎన్నింటికి, దేనివల్ల వచ్చిందో రాయనిదే కుర్చీ వదలని అలవాటు ఆమెది. తాళం ఎన్నింటికి పడిందో చూద్దామని, యూజర్లను మూసినప్పుడల్లా వివరాలు ఎక్కే రిజిస్టరును తెరపైకి తెచ్చింది.

ఉదయం తొమ్మిదీ పదికి ఆమె పేరు మూసింది గడువు తీరిన పాస్‌వర్డ్ కాదు, మేనేజరు. కారణం అన్న గడిలో 'ఉద్యోగం నుంచి తొలగింపు, ఐదింటి మీటింగ్‌లో చెప్పబడుతుంది' అని ఉంది.