పాజిటివ్

"పాజిటివ్ అని రాసిండ్రే నర్సవ్వా. నా పని ఖతం."

హన్మాండ్లు కాగితంలోని ఆ మాట మీద వేలు పెట్టి చూపించాడు. ఆటో దిగి, ఆసుపత్రి వరండాలో కూర్చున్న భార్య నర్సవ్వ చేతిలోంచి దాన్ని లాక్కొని రెండు నిమిషాలు కూడా కాలేదు. అతని కడుపులోని క్యాన్సర్ గడ్డను కోసి తీసి మూడు వారాలైంది. అది ఇంకెక్కడికైనా పాకే రకమా కాదా తేల్చడానికి ఒక ముక్కను హైదరాబాదు పంపారు. ఆ రిపోర్టు తీసుకోవడానికి నర్సవ్వ పొద్దున్నే నాందేడ్ వచ్చింది; హన్మాండ్లు తర్వాతి బండికి వచ్చాడు.

రిపోర్టు మొత్తం ఇంగ్లీషే. చచ్చేవాడికి ఎందుకు చస్తున్నాడో వాడి భాషలో చెప్పాలన్న బుద్ధి ఎవడికీ లేదు. ముప్పై ఏళ్లు రైల్వేలో చేసిన హన్మాండ్లుకు అర్థమైంది ఒక్కటే మాట. స్టేషన్ గోడ మీది ఎయిడ్స్ బోర్డులో రోజూ చూసిన మాట. పాజిటివ్ అంటే చావు.

నర్సవ్వ ఏదో అనబోయింది.

"ఆగు. నీకొక ముచ్చట చెప్పాలె. చెప్పకుంట పోతే నా పానం నిమ్మళం ఉండది."

నర్సవ్వ నోరు మూసుకుంది. "చెప్పు."

"ఎనబై ఆరుల నిజామాబాద్‌కు బదిలీ అడిగిన గదా..."

"మీ ఆఫీసర్ సాబు ఇయ్యలే. మా అవ్వ దగ్గర ఉంటనని ఎంత ఏడ్చిన! పదిహేడేండ్ల సంది వాన్ని తిట్టని రోజు లేదు. వాని పెండ్లాం హల్దీకుంకుమ పేరంటానికి పిలిస్తె గూడ పోలే నేను."

"ఇచ్చిండు."

"ఏందీ?"

"ఆర్డర్ అచ్చింది. నేనే వద్దని రాసిచ్చిన."

నర్సవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఎందుకు?"

"మీ అన్నలు నలుగురు. అక్కడికి పోతే నా నెత్తి మీద కూసుంటరని భయమైంది."

"ఇంకేమన్న ఉన్నదా?"

"ఒట్టు, గంతే. మాఫ్ చెయ్యే."

ఆమె ముఖం అటు తిప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకొని హన్మాండ్లు తానూ కళ్లొత్తుకున్నాడు.

లోపలికి పిలిచారు. డాక్టర్ ప్రాచి ధర్మాబాద్‌లో పెరిగిన మరాఠీ పిల్ల. తెలుగు బాగా వచ్చు.

"ఏడుస్తరెందుకు కాకా?"

"పాజిటివ్ గదమ్మా."

"అయితే మంచిదే! మీ రైలు డబ్బాలను కలిపి పట్టే కప్లింగ్ ఉంటది చూడు, కణాలకు గూడ అసొంటిది ఉంటది. దాని పేరు ఇ-క్యాడ్‌హెరిన్. అది ఊడితే ఒక్కో కణం విడివడి కార్జానికి, పేగులకు పాకుతది. మీ గడ్డల కప్లింగ్ గట్టిగున్నది. పాజిటివ్ అంటే ఉన్నదని."

"మరి ఈ కింద నెగిటివ్ అని ఉన్నదేంది?"

"పక్క కండను కరిగించి దారి చేసుకునే పదార్థం ఒకటుంటది. అది మీ గడ్డల లేదు."

"అంటే... నేను బతుకుతనా?"

"గ్యారంటీ ఎవరియ్యరు. మూడు నెలలకోసారి రావాలె. గని పాకినట్టు ఏం గుర్తు లేదు."

హన్మాండ్లు రెండు చేతులతో ముఖం కప్పుకొని గట్టిగా ఊపిరి వదిలాడు. మూడు వారాలుగా బిగబట్టిన ఊపిరి. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. నవ్వు మధ్యలో ఆగిపోయింది. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"నర్సవ్వా... బయట చెప్పింది మర్చిపో."

"రేపటి బండికి నిజామాబాద్ పోతున్నం. మా అవ్వ ముంగట, అన్నల ముంగట మళ్ల చెప్పు. ఒక్క మాట తక్కువ గావద్దు."

"అయ్యో, ఈ పాజిటివ్ ఏందో ముందుగాల తెలిస్తె నోరు విప్పకపోతుంటి గదమ్మా!"

ప్రాచి ఆశ్చర్యంగా ఇద్దరినీ చూసింది.

"నర్సవ్వ కాకూకు ఇదంత పొద్దుగాలనే చెప్పిన గదా!"