అత్తగారి చెవి

“అత్తయ్యా, నీళ్లు!”

టీ పెట్టడానికి పడవ లోపలికి దిగిన కోడలి కాళ్లు చీలమండల దాకా తడిసిపోయాయి. వంటగట్టు ముందు నేల పలకలు రెండు అప్పుడే పైకి తేలుతున్నాయి. తెరచాప నిండా గాలి పట్టి, పడవ ఎడమకి బాగా ఒరిగి పరుగెడుతోంది.

పైన చుక్కాని పట్టుకున్న కొడుకు లోపలికి తొంగి చూసి, భార్య మీద విరుచుకుపడ్డాడు.

“ఏం కదిపావు? పొద్దున్నుంచీ చేతికందిన మీటనల్లా తిప్పుతున్నావు!”

“ఏమీ కదపలేదండీ. గిన్నెలు కడిగాను, బాత్రూంకి వెళ్లాను. అంతే.”

“పడవంటే నీకు ఇల్లులా ఉంది. మూడు గంటల్లో రేవొస్తుంది. అక్కడ దిగి బస్సెక్కు. ఎల్లుండి పెద్ద సముద్రం దాటేది నేనూ అమ్మా.”

ఆ దాటడం కోసమే కోడలు ఏడాదిగా ఈత నేర్చుకుంది, ముడులు వేయడం నేర్చుకుంది.

“అరుపులాపి చుక్కాని చూసుకోరా,” అంటూ అత్త కిందికి దిగింది. అరవై దాటిన సన్నటి మనిషి. కళ్లజోడు తాడుకట్టి మెడలో వేలాడుతోంది. నీళ్లలో వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఉమ్మేసింది.

“ఉప్పు. మనం తాగే నీళ్ల టాంకు కాదు. సముద్రమే వస్తోంది.”

“అడుగు నీళ్లు తోడే పంపు తిరగట్లేదా అమ్మా?”

అత్త గోడకి అరచెయ్యి ఆనించింది. “తిరుగుతోంది. కానీ తాగట్లేదు.”

మోకాళ్ల మీద కూర్చుని, పలక పక్కకి లాగి, భుజం దాకా చెయ్యి నీళ్లలోకి దింపింది. ఎటో చూస్తూనే లోపల ఏదో తిప్పింది, ఏదో పీకింది. చెయ్యి పైకి వచ్చేసరికి దాంట్లో జుట్టు ఉండా, దానికి చుట్టుకున్న ఒక సాక్సూ ఉన్నాయి.

“నీదేరా,” అని పైకి చూపించింది. కొడుకు సముద్రం వైపు తిరిగిపోయాడు.

అంతవరకూ సన్నగా మూలుగుతున్న పంపు గుటకలు వేయడం మొదలుపెట్టింది. కోడలు నోరు తెరిచి చూస్తోంది.

“చూస్తావేం అమ్మాయ్! చేతి పంపు అందుకో. గబగబా కొట్టకు, ఊపిరి తీసినట్టు కొట్టు.”

కోడలు కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇరవై నిమిషాలైనా నీళ్లు పెరగలేదు, తగ్గనూ లేదు.

“బాత్రూం మురికి టాంకు గానీ పగిలిందేమో! రేడియోలో ఎవరినైనా పిలవనా?” కొడుకు పైనుంచి అరిచాడు.

అత్త బాత్రూం వెనక గోడ దగ్గరికి వెళ్లి, లోపలున్న టాంకుని వేలి కణుపుతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చింది. డొల్ల, డొల్ల, డొల్ల. ఒకచోట మోత మారింది. అక్కడ ఆగింది.

“సగానికి రెండు వేళ్లు పైన ఉంది. కారట్లేదు. అయినా అది పగిలితే నేను చెప్పాలా? నీ ముక్కే చెప్పేది.”

అత్త రెండు పంపులూ ఆపించింది.

“ఎవరూ మాట్లాడకండి.”

తడి నేల మీద పక్కకి పడుకుని, చెవి పలకకి ఆనించి కళ్లు మూసుకుంది. బయట సముద్రం హోరు. తాళ్లు కిర్రుమంటున్నాయి. మునుగుతున్న పడవలో ఆ ముసలి ముఖం ఎంత నిమ్మళంగా ఉందంటే, పడవే తన కడుపులో నొప్పి ఎక్కడుందో ఆమె చెవిలో చెప్పుకుంటోందనిపించింది కోడలికి.

అత్త చటుక్కున లేచింది.

“ఒరేయ్, పడవని కుడికి ఒరిగించు.”

“దేనికమ్మా—”

“ఒరిగించమన్నానా!”

తెరచాప దబ్బున అటు తిరిగింది. పడవ కుడికి వాలింది. మళ్లీ పంపులు వేశారు. ఈసారి నీళ్లు అంగుళం అంగుళం దిగాయి. తేలిన పలకలు వాటి చోట్లలో అవే కూర్చున్నాయి.

అత్త తిన్నగా వెళ్లి బాత్రూం తలుపు తీసింది. కమోడ్ అంచుదాకా నిండి ఉంది. దాని పక్కనున్న చిన్న మీటని ఒక్క వేలితో తిప్పింది.

“ఇది సముద్రపు నీళ్లు లోపలికి లాగే మీట. పని కాగానే మూసెయ్యాలి. మూయకుండా వదిలేశామా, పడవ ఎడమకి ఒరిగితే ఈ కమోడ్ సముద్రం కంటే కిందికి పోతుంది. ఇంక సముద్రం తనే వచ్చేస్తుంది. ఇక్కడ పొంగి, తూములోంచి అడుగుకి చేరుతుంది.”

“చెప్పానా! బాత్రూంకి వెళ్లానని తనే ఒప్పుకుంది,” అన్నాడు కొడుకు.

కోడలు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. చేతులు కడుక్కోవడం గుర్తుంది. మీట తిప్పిందో లేదో గుర్తు రావడంలేదు.

“మర్చిపోయి ఉంటానండీ,” అంది తల దించుకుని. “రేవులో దిగిపోతాలెండి.”

“ఈ పిల్ల దిగితే నేనూ దిగుతా. ఒక్కడివే దాటుకో,” అంది అత్త. “చేతులు బొబ్బలెక్కినా పంపు వదల్లేదు. నువ్వేం చేశావు, అరవడం తప్ప?”

కొడుకు తెరచాప తాడు బిగించడంలో పడ్డాడు.

గుడ్డతో నేల తుడుస్తున్న కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనే కూర్చుని గుడ్డ పిండుతున్న అత్తని ఎవరో మహానుభావురాలిని చూసినట్టు చూసింది.

“అంత హోరులో, నేలకి చెవి ఆనించి, ఆ మీటేనని ఎలా పట్టుకున్నారత్తయ్యా? నాకూ నేర్పరూ?”

అత్త ఒకసారి పైకి చూసింది. కొడుకు చుక్కాని దగ్గరే ఉన్నాడు. ఆమె గుడ్డ పక్కన పెట్టి, కోడలి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

“చెవికేం వినపడలేదమ్మాయ్. కళ్లు మూసుకుంటే గుర్తొచ్చింది, నీ తర్వాత బాత్రూంకి వెళ్లింది నేనేనని.”