అద్దాల గదిలో అమ్మ కుర్చీ

“ముట్టుకోకూడదండీ!” అని గ్యాలరీ గార్డు అరిచేలోపే ఆవిడ అడ్డుతాడు దాటేసింది.

గది మధ్యలో తెల్లటి దిమ్మ మీద, దీపాల వెలుగులో అమ్మ కుర్చీ ఉంది. బాగు చేయించి తెస్తానని తమ్ముడు పట్టుకుపోయిన కుర్చీ. కింద పలక మీద ‘లేనితనం’ అని రాసి ఉంది. దాని ముందు ఇద్దరమ్మాయిలు మూతులు సున్నా చుట్టి ఫోటో దిగుతున్నారు.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏరా, అమ్మ పోయి ఏడాదన్నా తిరగలేదు. ఆవిడ కుర్చీని సంతలో పెట్టావా?”

“మెల్లగా అక్కా, అందరూ చూస్తున్నారు.” తమ్ముడు నల్లచొక్కా చేతులు సవరించుకున్నాడు. “అది కుర్చీ కాదు. ఒక ప్రశ్న.”

“ప్రశ్న మీద కూర్చునే రెండేళ్లు దగ్గిందా అమ్మ?”

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ఆ మాట రాసుకున్నారు కూడా.

“నీకర్థం కాదులే. గుండెలు బాదుకునే కళకు కాలం చెల్లింది. ఇప్పుడు దేనికీ లోపలంటూ ఏమీ లేదు. అంతా పైపైనే.”

“నీకు లేదని చెప్పు. లోకానికంతా అంటగట్టకు!”

గుమ్మం దగ్గరి కొట్లో ఇదే కుర్చీ బొమ్మతో కప్పులు, తాళంగుత్తులు అమ్ముతున్నారు. గులాబీ రంగులో లేదా అని ఒకావిడ పేచీ పెట్టడం వస్తూ వస్తూ చూసింది.

దిమ్మ ఎక్కి కుర్చీలో కూర్చుంది. కుడిచేతి కొయ్య మీద నాలుగు గోటి గీతలు. నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మ గీరిన చోటు. తన వేళ్లు వాటిల్లో పెట్టగానే ఇన్నాళ్లూ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సిగ్గు విడిచి వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టూ ఫోన్లు లేచాయి.

“ఇది నాకు కావాలి. ఇవ్వకపోతే ఇక్కణ్ణించి లేవను. పోలీసుల్నే పిలుస్తావో, ఇంకెవర్ని పిలుస్తావో నీ ఇష్టం!”

తమ్ముడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. దిక్కుతోచక గ్యాలరీ మేనేజరమ్మ వైపు చూశాడు. ఆవిడ చిన్నగా తలూపింది.

“సరే, తీసుకెళ్లు,” అన్నాడు గొణుగుతూ.

అక్క కొయ్యకు చెంప ఆనించింది. అమ్మ తిరిగి ఇంటికొస్తోంది. తమ్ముడి మీద కోపం కూడా కాస్త చల్లబడింది.

మేనేజరమ్మ దగ్గరకొచ్చి ఆవిడకు చేతిరుమాలు అందించింది.

“బాధపడకండి మేడమ్, హాయిగా తీసుకెళ్లండి. గోడౌన్‌లో ఇంకా పదకొండున్నాయి, గీతలతో సహా. ఈ పన్నెండింట్లో అమ్మగారిదేదో, నకళ్లు చేసిన వడ్రంగికే గుర్తులేదట!”