దొరకని నరం

రెండో పోటు కూడా తప్పింది.

సెరఫిం తాత కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పళ్ళ బిగువునే నవ్వాడు.

"పరవాలేదమ్మాయ్. నా నరాలు చేపపిల్లలు. పట్టుకోబోతే జారిపోతాయి."

యాదిరా సూది తీసి దూది అద్దింది. రాత్రంతా టమాటా ఫ్యాక్టరీలో నిలబడి వచ్చిన మనిషి. కాళ్ళు లాగుతున్నాయి. మూడో పోటు కాలేజీ ఒప్పుకోదు.

"అన్నీ వచ్చు నీకు, రక్తం తియ్యడం తప్ప," అంది పాఠం చెప్పే డ్రమండ్ మేడం. "వచ్చే మంగళవారం పరీక్ష. అప్పుడూ తప్పితే ఈ టర్మంతా మళ్ళీ చదవాల్సిందే."

ఇంకో టర్ము. రాత్రి ఫ్యాక్టరీ, పొద్దున కాలేజీ. ఇక తన వల్ల కాదు.

సెరఫిం తాత డెయిరీలో పని మానేసిన ముసలాయన. మెడికల్ అసిస్టెంట్ కోర్సు పిల్లలు సూది వెయ్యడం నేర్చుకోవాలని ప్రతి మంగళవారం వచ్చి చెయ్యిచ్చేవాడు. గోధుమరంగు టోపీ తీసి మోచేతి కింద పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన కుర్చీ అంటే అందరికీ హడలే.

పరీక్షనాడు యాదిరాకి మళ్ళీ ఆ కుర్చీయే పడింది.

"కలియా, నీ కుర్చీ నాకియ్యవే," అంది తోటి విద్యార్థినితో.

"ముసలాయన్ని నాకు అంటగడతావా?"

"నీ చెయ్యి మంచిది. టాకోలు తినిపిస్తా."

"రెండు ప్లేట్లు."

"సరే, తిను."

కలియా కుర్చీలో ఉన్నది కండలు తిరిగిన కుర్రాడు. నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. మొదటి పోటుకే రక్తం వచ్చింది. యాదిరా గట్టెక్కింది.

అవతల తాత కుర్చీ దగ్గర కలియా కూడా "వచ్చింది, వచ్చింది" అంటోంది.

వెళ్ళబోతుంటే తాత పిలిచాడు.

"అలిగావా అమ్మాయ్ నా మీద?"

"లేదు తాతా. ఇవాళ తప్పితే నా పని అయిపోయేది."

"సరేలే. వచ్చే వారం తీరిగ్గా రా. నా నరం పట్టుకోకుండా కాలేజీ దాటకు."

వస్తానంది.

తర్వాతి మంగళవారం ఆమె ఇంట్లో పడి నిద్రపోయింది.

నెల తిరిగేసరికి ఊళ్ళోనే క్లినిక్‌లో పని దొరికింది. మొదటిరోజే ఒక అవ్వ వచ్చింది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. సంచీలోంచి గోధుమరంగు టోపీ తీసి మోచేతి కింద పెట్టుకుంది.

యాదిరా చెయ్యి ఆగిపోయింది.

"టోపీ ఎవరిదవ్వా?"

"మా ఆయనది. పోయి మూడు వారాలైంది."

యాదిరా అవ్వ చేతికి రబ్బరు పట్టీ బిగించింది. నరం కోసం వేలితో తడిమింది. వేలి కింద చేపపిల్లలా జారింది.

"దొరకవమ్మా. ప్రతివారం పొడిచి పొడిచి ఏడిపిస్తారు," అంది అవ్వ. "మా ఆయనవీ ఇలాంటి నరాలే. సూదంటే ప్రాణభయం ఆయనకి. అయినా కాలేజీకి పోయి చెయ్యిచ్చేవాడు. నా మీద నేర్చుకున్న పిల్లే రేపు నీ దగ్గరికి వస్తుంది, అప్పుడు నీకు నొప్పుండదు అనేవాడు."

యాదిరా దూదితో ఆ చోటు తుడిచింది.

"ఒక మంగళవారం నవ్వుకుంటూ వచ్చాడు. రెండు చేతులూ కమిలిపోయి ఉన్నాయి. ఒకమ్మాయి పట్టేసిందే, ఇక నీకు దిగుల్లేదు అన్నాడు. పేరు చెప్పనేలేదు."

అవ్వ చెయ్యి ముందుకు జరిపి ఆమె ముఖంలోకి చూసింది.

"నువ్వేనా అమ్మా?"