అత్తగారి యాస

బోస్టన్‌లో విందు ఊపందుకోగానే ప్రెస్టన్ టెనసీ కొండల్లో ఉన్న అత్తగారికి ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్లమీద పెట్టాడు. చేపల పళ్ళెం కోసం వంటింట్లోకి వెళ్ళిన అతని భార్య డార్లాకు అమ్మ గొంతు వినబడింది.

"అత్తయ్యా, కొట్లో సామాన్లేసుకుని తోసే బండిని మీవైపు ఏమంటారు?"

"బగ్గీ అంటాం బాబూ."

ఆ యాసకు అతిథులు పగలబడి నవ్వారు.

"ఇంకోసారి చెప్పరూ?"

"బగ్గీ," ఆవిడ మరికాస్త సాగదీసింది. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగింది.

"ఇలా ఫోను చేసినప్పుడల్లా అందరికన్నా ముందు మా డార్లా నవ్వే వినబడేది. ఇవాళ వినబళ్ళేదేం బాబూ? దానికి ఒంట్లో బాగానే ఉందా?"

పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయిన డార్లాను నవ్వమని ప్రెస్టన్ సైగ చేశాడు.