ఎదురు కొట్టు యజమానురాలు

తైనాన్ నగరం మార్కెట్లో నా టోఫూ బండి పక్కనే షియోయెన్ అక్క కూరగాయలమ్ముతుంది. ఎదురుగా సూపర్‌మార్కెట్ తెరిచాక ఆమె బేరాలు సగానికి పడిపోయాయి. "వాటాదారుల మీటింగులో ఛైర్మన్‌ని కడిగేస్తా చూడు" అని ఆ సూపర్‌మార్కెట్ కంపెనీ షేరు ఒక్కటి కొని మరీ వెళ్ళింది.

సాయంత్రం మీటింగులో వాటాదారులందరికీ కానుకగా ఇచ్చిన కొత్త తువ్వాలు మెడలో వేసుకుని వచ్చింది.

"కడిగేశావా అక్కా?"

"నాకు వంగి దణ్ణం పెట్టాడ్రా! 'మీరే మా యజమానులు' అన్నాడు. లాభాలు బ్రహ్మాండమట."

"మన బేరాలు మింగితే రావూ మరి!"

"నోర్ముయ్. మా కంపెనీని ఏమీ అనకు."

మర్నాడు టమాటాల దగ్గర ఒకావిడ గట్టిగా బేరమాడింది. "తగ్గించకపోతే ఎదురు కొట్టుకి పోతాను."

అక్క తగ్గించలేదు. ఆవిడ నిజంగానే రోడ్డు దాటింది.

అక్క ముఖం వెలిగిపోయింది. "చూశావురా, ఎక్కడికి పోతుంది? మన దగ్గరికే!"