కాలుతున్న ప్యాకెట్టు

దగ్గరికి జరుగు బిడ్డా, మెల్లగ చెప్త. తెలంగాణ సమ్మె నడిచిన యేడు, మానుకోట దిక్కు ఒక దవాఖానల, రక్తం దాచే గదిల పనిచేసే కహ్కషాన్, తోటోళ్లు సమ్మెల ఉండంగ, ఒక్కతే మూడో రాత్రి మేల్కొని ఉన్నది. ఊరంత దోమల జ్వరం. అది రక్తంల దాగుతదని, రక్తం ఇచ్చేటోళ్లను ముందుగాల జ్వరమొచ్చిందా అని అడగాలె. పొద్దుగాల రక్తమియ్యొచ్చిన యాసర్‌ను అడగకుండనే, అలసటల "లేదు" అని రాసేసింది.

ఇప్పుడు కాన్పుల రక్తం మస్తు పోయిన బాలింత సుమిత్రకు సరిపోయేది యాసర్ ఇచ్చిన ప్యాకెట్టొక్కటే. కహ్కషాన్ ఫ్రిజ్‌ల చెయ్యి పెట్టింది. పక్కవన్నీ మంచు లెక్క సల్లగున్నయి. అదొక్కటే జ్వరమొచ్చిన నుదురు లెక్క కాలుతున్నది.

"అక్కా, జర జల్ది ఇయ్యి," అన్నడు తలుపుకాడ సుమిత్ర పెనిమిటి వెంకట్రాం. "ఆమె సల్లబడుతున్నది."

కహ్కషాన్ చేతులల్ల ప్యాకెట్టు చలిజ్వరమొచ్చినోని లెక్క సన్నగ వణికింది; పొద్దుగాల అడగకుండ రాసిన "లేదు" ఆమెకు యాదికొచ్చింది.

అడగకుండ రాసిన ఒక్క మాట గిట్ల కాలుతది, గిది యాది పెట్టుకో బిడ్డా. నీ తర్వాతోళ్లకు గూడ చెప్పు.